వార్షిక నివేదిక 2025: లెమ్మన్ తోకచుక్క ఛాయాచిత్రాలు

గౌరవ సభ్యులకు నమస్కారం. వర్షాకాలం మినహా నెలవారీ ఆకాశ పరిశీలనలు యథావిధిగా జరిగాయి. ఈ ఏడు మన శ్రమలో అధిక భాగం ఒకే తోకచుక్కకు వెచ్చించాము కనుక ఈ నివేదికలోనూ దానికే పెద్దపీట వేస్తున్నాము.

అమెరికాలోని అరిజోనాలో మౌంట్ లెమ్మన్ సర్వే జనవరి 3న కనుగొన్న సి/2025 ఏ6 (లెమ్మన్) తోకచుక్క అక్టోబరు 21న భూమికి దాదాపు 9 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చింది. ఆనాడే అమావాస్య కావడంతో వెన్నెల బెడద లేకపోయినా, ముందురోజు దీపావళి కావడం వల్ల బాణసంచా పొగ పడమటి దిక్కున పొరలా నిలిచిపోయి, ఆ రెండు సాయంత్రాల ఫ్రేములన్నీ మట్టిరంగుకు తిరిగాయి. నెలాఖరున మొంథా తుఫాను వచ్చింది. చివరకు మనకు దక్కినవి నాలుగు సాయంత్రాలే.

టెలిస్కోపు ఆకాశపు కదలికను అనుసరించాలంటే దాన్ని మోసే మౌంటు (తిరిగే పీఠం) అక్షాన్ని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. కానీ హైదరాబాదు నుంచి చూస్తే ఆ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది; మనం టెలిస్కోపు నిలిపిన పెరటి నుంచైతే పక్కింటి నీళ్ల ట్యాంకు దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. అందువల్ల ఒక నక్షత్రం ఏ పక్కకు జారుతున్నదో ఐపీసులో (కన్ను పెట్టి చూసే కటకంలో) గమనిస్తూ, మౌంటు బోల్టులను కొద్దికొద్దిగా తిప్పి సరిచేసే పాత పద్ధతినే అనుసరించాము. ఓపిక అవసరమైన పని అయినా, కొత్త సభ్యులు ఆకాశపు కదలికను దీని ద్వారా నేర్చుకున్నంతగా మరి దేని ద్వారానూ నేర్చుకోలేదు.

80 మిల్లీమీటర్ల టెలిస్కోపుతో 30 సెకన్ల ఎక్స్‌పోజర్లు తీశాము. రోజుకు 3 డిగ్రీలు జరిగే తోకచుక్క నిమిషానికి ఏడున్నర కోణీయ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక కోణీయ సెకను), అంటే మన కెమెరాలో సుమారు 4 పిక్సెళ్లు కదులుతుంది. 80 ఫ్రేములను, అంటే 40 నిమిషాల చిత్రాలను, నక్షత్రాల ఆధారంగా ఒకదానిపై ఒకటి పేర్చితే దాని తల 160 పిక్సెళ్ల గీతగా సాగిపోతుంది. తల ఆధారంగా పేర్చితే నక్షత్రాలు గీతలవుతాయి. అందుకే రెండు విధాలుగానూ పేర్చి, ఆపై కలిపాము. ఒక్క ఫ్రేములో ఆకుపచ్చని మసక తప్ప ఏమీ కనిపించని చోట, 80 ఫ్రేములు కలిశాక నూలుపోగులా సన్నని అయాను తోక (విద్యుదావేశమున్న వాయువుల తోక) తేలడం చూసి సభ్యులందరూ ఎంతో సంతోషించారు.

ఒక లోపాన్ని దాచకుండా చెప్పవలసి ఉంది. రెండవ సాయంత్రం మన కెమెరా గడియారం 4 నిమిషాలు వెనకబడి ఉన్నదని ఫ్రేములన్నీ తీశాకగాని గమనించలేదు. చిత్రం చక్కగానే వచ్చినా, తోకచుక్క స్థానాన్ని కొలవడానికి ఆ రాత్రి ఫ్రేములను నమ్మలేము. మన హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి నీడన పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు 1949లో హార్వర్డ్‌లో ఒక ఫోటో ప్లేటు మీదనే కొత్త తోకచుక్కను గుర్తించిన సంగతి మనకు తెలిసినదే. అటువంటి వారసత్వమున్న ఊరిలో తీసే ప్రతి ఫ్రేమూ అందమైన బొమ్మగానే గాక ఆధారంగా కూడా నిలవాలన్నది కార్యవర్గం దృఢాభిప్రాయం.

ఇకపై ప్రతి పరిశీలనకు ముందు కెమెరా సమయాన్ని మొబైల్ ఫోను సమయంతో సరిచూసి, ఆ వివరాన్ని పుస్తకంలో నమోదు చేయాలని తీర్మానించాము. ఆ నాలుగు సాయంత్రాలలో సొంత డాబాల మీద చిత్రాలు తీసిన సభ్యులు, ఎడిటింగ్ చేయని మూల ఫ్రేములను సర్వసభ్య సమావేశం లోపు కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాము.