కమిషనర్ గారూ, మన మార్కెట్ చెత్తలో గ్యాస్ ఉంది, ఎరువు ఉంది

నమస్కారం సార్, మాది అనంతపురం, పొద్దున్నే కూరగాయల మార్కెట్‌కి పోతే చితికిన టమాటాలు, కుళ్ళిన చీనీకాయలు, అరటాకులు అన్నీ ప్లాస్టిక్ కవర్లతో కలిసి ట్రాక్టర్ ఎక్కుతుంటే కడుపు తరుక్కుపోతాది. అదంతా గాలి తగలని ట్యాంకులో మగ్గబెడితే మీథేన్ అనే మండే గ్యాస్ వస్తాది, దాంతో పొయ్యి వెలుగుతాది, మిగిలిన చిక్కటి ద్రవం, అదే స్లర్రీ, మన ఎర్రనేలలకు మంచి ఎరువు సార్. కుప్పలో వదిలేస్తే ఆ మీథేనే గాల్లో కలుస్తాది, ఎండాకాలం కుప్పలు అంటుకుంటాయి. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల చెత్తతో కరెంటు తీసినారు, ఇండోర్‌లో 2022లో రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటే పెట్టినారు. మనకు అంత పెద్దది వద్దు, ముందు మార్కెట్ ఒక్కదానికి చిన్నది పెట్టండి సార్. తడి చెత్త వేరు చేసి ఇచ్చే బాధ్యత మాది, మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి నేనే చెప్తా, దానికి వేరే బండి మాత్రం పంపండి.