మన సంకలనానికి ముందుమాట సంగతి

అందరికీ నమస్కారం. కథల ప్రూఫులు నిన్న రాత్రితో అయిపోయాయి. ఇక మిగిలింది ముందుమాటే. "ఎవరైనా పెద్దాయనతో రాయిద్దాం" అని ముగ్గురు అన్నారు. నాకు అంత ఇష్టంగా లేదు. పుస్తకం తెరవకుండానే "వీరికి ఉజ్వల భవిష్యత్తు ఉంది" అని దీవించే ముందుమాటలు బోలెడు చూశాం. (నా పాత పుస్తకానికి వచ్చినదాంట్లో కథ పేరే తప్పు!)

'మహాప్రస్థానం'కి చలం 'యోగ్యతాపత్రం' 1940లో రాశారు, పుస్తకం 1950లో వచ్చింది. ఆ ముందుమాటను ఇప్పటికీ విడిగా చదువుకునేవాళ్లున్నారు. చదివి, కదిలి రాసింది కాబట్టి. మనకు పదేళ్లు లేవు, పది రోజులున్నాయి.

అందుకే మైలాపూర్ అక్కయ్యని అడుగుదామంటాను. అన్ని కథలూ మొదట చదివింది ఆవిడే, మూడో కథ ముగింపు మార్పించిందీ ఆవిడే. అక్కా, కాదనకండి. ఏ కథ ఎందుకు నచ్చిందో, ఏది నచ్చలేదో, మన మద్రాసు తెలుగు వీటిలో ఎలా వినబడిందో రాయండి. ముగింపులు మాత్రం బయటపెట్టకండి!

నాలుగు పేజీలు దాటొద్దు. అచ్చులో ఒక్కో ఫారానికి (మడిచి కుట్టే పెద్ద కాగితానికి) 16 పేజీలు, ఇప్పటికి 124 అయ్యాయి. 128 దాటితే ఇంకో ఫారం, ఇంకో ఖర్చు. యూనికోడ్‌లోనే పంపండి. పేజీలు కూర్చే డీటీపీ వాళ్లు దాన్ని యూనికోడ్ కాని అనూ ఫాంటులోకి మార్చుకుంటారు. అప్పుడు ఎగిరిపోయే ఒత్తులు నేను ఏరుకుంటాను.

అభ్యంతరాలుంటే శుక్రవారం రాత్రిలోగా చెప్పండి. బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకండి, మాటల్లో రాయండి.