రెండు బిల్లులు కడితే రెండు దారులైనట్టు కాదు

సంపాదకులకు,

షేర్ మార్కెట్ ఆగినా, వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో ఆన్‌లైన్ వేలం నిలిచినా మన పత్రికల్లో వచ్చే మాట ‘సాంకేతిక లోపం’, లేకుంటే ‘సర్వర్ డౌన్’. పాపం, సర్వర్ నోరులేనిది కాబట్టి నింద దాని మీద పడుతుంది. అసలు సంగతి చాలాసార్లు రోడ్డు పక్క మట్టిలో, తెగిన ఫైబర్ కేబుల్ దగ్గర ఉంటుంది.

2021 ఫిబ్రవరి 24నే తీసుకోండి. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్ఎస్ఈ)లో ఉదయం 11.40కి ఆగిన ట్రేడింగ్ మధ్యాహ్నం 3.45కి గానీ మొదలు కాలేదు. ముంబైలో ప్రధాన కేంద్రానికీ, దగ్గర్లోని రెండో కేంద్రానికీ మధ్య రెండు టెలికాం కంపెనీల లింకులున్నాయి. ఆ దారిలో జరిగిన తవ్వకాలు, నిర్మాణ పనుల వల్లే అవి చెదిరాయని ఆ కంపెనీలు చెప్పినట్టు ఎక్స్ఛేంజే ప్రకటించింది. స్టోరేజీ వ్యవస్థ కూడా మొండికేయడంతో రిస్క్ లెక్కలు నిలిచిపోయి, మొత్తం ఆపాల్సి వచ్చింది. తర్వాత మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఎక్స్ఛేంజీలకు గడువులు బిగించింది: కీలక వ్యవస్థ ఆగితే 30 నిమిషాల్లో విపత్తుగా ప్రకటించాలి, ఆపై 45 నిమిషాల్లో మళ్లీ నడిపించాలి. హనుమకొండ బ్రోకర్ ఆఫీసుకు గానీ, వ్యవసాయ సరుకుల ఎక్స్ఛేంజ్ ఎన్‌సీడీఈఎక్స్‌లో ధర చూసి సరుకు అమ్ముకునే నిజామాబాద్ పసుపు వ్యాపారికి గానీ ఇలాంటి గడువు రాసిచ్చినవాళ్లు లేరు.

వేగం సంగతి ముందు తేల్చేద్దాం. గాజు తీగలో వెలుగు కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. వరంగల్ నుంచి ముంబై గాలిదారిలోనే 700 కి.మీ. పైమాట. కేబుల్‌ను గీత గీసినట్టు వేసినా ఒకవైపుకే మూడున్నర మిల్లీసెకన్లు. మైక్రోసెకన్లలో పోటీపడేవాళ్లు తమ యంత్రాలను ఎక్స్ఛేంజ్ భవనంలోనే పెట్టుకుంటారు. కాబట్టి ఇక్కడ కూర్చుని ‘హైస్పీడ్ ప్లాన్’కు అదనంగా పోసే డబ్బు దండగ. లైను తెగకుండా ఉండటమే మనకు కావాల్సింది.

అందుకని చాలామంది రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకుంటారు. అక్కడే మోసపోతారు. ఒక కంపెనీ ఫైబర్‌ను ఇంకో కంపెనీ అద్దెకు తీసుకోవడం ఈ రంగంలో మామూలే. బిల్లులు రెండు, కేబుల్ నడిచే గొట్టం (డక్ట్) ఒక్కటే. ఇంటికి రెండు తలుపులున్నా రెండూ ఒకే గల్లీలోకి తెరుచుకుంటే, ఆ గల్లీ మూసిన రోజు ఇంట్లోనే కూర్చోవాలి. ఫోన్ డాంగిల్ ఉంది కదా అనుకోకండి, ఆ టవర్‌కు వచ్చే ఫైబర్ కూడా అదే కందకంలో ఉండొచ్చు. కనెక్షన్ తీసుకునేటప్పుడే రెండు కంపెనీల రూట్ మ్యాపులు అడిగి, ఒకదానిపై ఒకటి పెట్టి చూడాలి. ముఖ్యంగా వాగుల మీది వంతెనలు, కాజీపేట దగ్గర పట్టాలు దాటే చోట్లు, మీ భవనంలోకి కేబుల్ దిగే మూల. మ్యాపు ఇవ్వమంటే నీళ్లు నమిలే కంపెనీ ఎవరి ఫైబర్ వాడుతోందో గట్టిగా అడగాల్సిందే.

దారులు నిజంగా రెండున్నా ఇంకో చిక్కుంది. రూటర్లు దారి ఎంచుకోవడానికి బీజీపీ అనే పద్ధతి వాడుతూ, అవతలి రూటర్ పలుకు కోసం ఆగే గడువు 180 సెకన్లుగానే వదిలేసి ఉంటే, కేబుల్ మధ్యలో ఎక్కడో తెగినప్పుడు మూడు నిమిషాల దాకా రెండో లైనుకు మారవు. బ్యాకప్ పనిచేయలేదని ఆలోగా తిట్లు మొదలవుతాయి. లైను బతికుందో లేదో చూసే బీఎఫ్‌డీ అనే తనిఖీని 300 మిల్లీసెకన్లకోసారి, మూడుసార్లు తప్పితే మారేలా పెడితే సెకను లోపే పని అయిపోతుంది. పూర్తిగా తెగిన లైను కంటే సగం చెడినది ప్రమాదకరం. లింకు బతికే ఉన్నట్టు కనిపిస్తుంది, తెర మీద మాత్రం పాత ధర ఉంటుంది.

ఇక రిపేరు. ఓటీడీఆర్ యంత్రం వెలుగు పంపి, తిరిగొచ్చే మెరుపును బట్టి తెగిన చోటి దూరం చెబుతుంది. అది చెప్పేది ఫైబర్ పొడవు, నేల మీది దూరం కాదు. కేబుల్ లోపల ఫైబర్ మెలికలు తిరిగి ఉంటుంది, గుంతల్లో పది, ఇరవై మీటర్ల లూపులు చుట్టి ఉంటాయి. 8 కి.మీ. అని చూపిస్తే సరిగ్గా 8 కి.మీ. దగ్గర తవ్వినవాళ్లకు మట్టే దొరుకుతుంది. లూపుల లెక్క రాసుంచిన జాయింట్ రిజిస్టర్ ఉంటే గంట కలిసొస్తుంది. ఆ రిజిస్టర్ సాధారణంగా ఎవరి బీరువాలోనో ఉంటుంది, తాళం చెవి ఆయన జేబులో ఉంటుంది.

పక్కన లూపు మిగిలి ఉంటే ఒక్క జాయింట్‌తో సరిపోతుంది. లేకుంటే మధ్యలో ముక్క వేసి రెండు జాయింట్లు కట్టాలి, అంటే 24 ఫైబర్ల కేబుల్‌కు 48 అతుకులు. అతుకును కాపాడే గొట్టం, అంటే స్లీవ్, ముందే తొడగాలి. మరిచిపోయి అతికాక గుర్తొస్తే మళ్లీ కోయడమే. పైపూత తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫైబర్ కోసే క్లీవర్‌తో కోసిన అంచు ఒక డిగ్రీ కన్నా ఎక్కువ వాలకుండా చూడాలి. మే నెల దుమ్ములో రోడ్డు పక్కనే గొడుగు కింద అతికితే కుదరదు, వ్యాన్ లోపలో, టెంట్ వేసో చేయాలి. అతికే (స్ప్లైసింగ్) యంత్రం చూపే వెలుగు నష్టం అంచనా మాత్రమే. రెండు వైపుల నుంచీ ఓటీడీఆర్ కొట్టి సగటు తీస్తేనే నిజం తెలుస్తుంది. వెలుగు తరంగదైర్ఘ్యం 1310 నానోమీటర్ల దగ్గర బాగానే ఉండి 1550 దగ్గర నష్టం ఎక్కువైతే అతుకు మంచిదే, ట్రేలో ఫైబర్ ఎక్కడో బిగుతుగా వంగింది. నడిచే నాలుగు ఫైబర్లు అతికి, మిగతావి ‘తర్వాత చూద్దాం’ అని పాలిథిన్ కవరు చుట్టి పూడ్చే అలవాటు మానాలి.

కేబుల్ లోతు 1.65 మీటర్లుండాలని బీఎస్‌ఎన్‌ఎల్ ప్రమాణం. రోడ్డు అంచు చెక్కి కాలువ తీశాక అదే కేబుల్ మోకాలి లోతుకు వచ్చేస్తుంది. కరీంనగర్-వరంగల్ మధ్య 68 కి.మీ. రహదారిని నాలుగు వరుసలు చేసే పనికి 2023 జులైలో శంకుస్థాపన జరిగింది. రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ డక్టులు మిషన్ భగీరథ తాగునీటి పైపుల వెంటే వేశారు. ఖర్చు తగ్గింది, మంచిదే. పైపు లీకైన రోజు జేసీబీ పళ్లు ముందు తగిలేది మాత్రం ఫైబర్‌కే. తవ్వే ముందు కేబుల్ యజమానులకు తెలియజేసే ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ 2023 మార్చిలో వచ్చింది. 2022 నాటి టెలిగ్రాఫ్ మౌలిక వసతుల భద్రతా నిబంధనలు కూడా తవ్వేవారు ముందుగా తెలపాలనే చెప్పాయి. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ రోడ్డు కటింగ్ అనుమతి పత్రంలో ఆ యాప్ ఎంక్వైరీ నంబరుకు ఒక గడి పెట్టాలి. గడి ఖాళీగా ఉంటే అనుమతి ఇవ్వొద్దు. నీటి పైపుల రిపేరు బృందాలకూ ఇదే వర్తించాలి.

టెలికాం కంపెనీలు మృగశిర కార్తె లోపు లోతట్టు గుంతల్లోని జాయింట్ పెట్టెలు విప్పి, నీరు చేరిందేమో చూసి, సీల్ రబ్బర్లు మార్చాలి.

— ఆప్టికల్ ఫైబర్ కేబుల్ (ఓఎఫ్‌సీ) నిర్వహణ పనివారు, హనుమకొండ