ముందు మెడ చెక్క సంగతి అడగండి

సంపాదకులకు,

బాస్ గిటార్ ఆర్డరిచ్చి చేయించుకునేవారు ముందుగా అడిగేది బాడీకి ఏ చెక్క వేస్తారనే. స్వాంప్ యాషా, ఆల్డరా, మహాగనీయా అన్నదాని చుట్టూనే బేరమంతా తిరుగుతుంది. ఆ డబ్బూ శ్రద్ధా ముందు మెడ (తీగలు నొక్కి వాయించే పొడవాటి భాగం) మీద పెట్టమని మా మనవి.

బాస్ స్కేలు, అంటే తీగ మోగే పొడవు, మామూలుగా 34 అంగుళాలు. 45–105 సెట్టులోని (మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో) నాలుగు తీగలూ కలిసి ఇంచుమించు 75 కిలోల బరువంత బలంతో మెడను లాగుతుంటాయి. అన్నిటికన్నా సన్నదైన జి తీగ మీద 5–7 ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు పట్టీల) దగ్గర స్వరం నిలబడకుండా చటుక్కున ఆగిపోతుంటే, అక్కడ మెడ సహజ కంపనం ఆ స్వరానికి దగ్గరపడి తీగ శక్తిని లాగేసుకుంటోందని అర్థం. బాడీ చెక్క మార్చినంత మాత్రాన ఆ తెగులు పోదు. మెడకు క్వార్టర్‌సాన్ (పొరలు నిలువుగా వచ్చేలా కోసిన) హార్డ్ మేపుల్ చెక్క తీసుకోండి. కోసిన కొన చూస్తే పొరలు ఫింగర్‌బోర్డుకు (మెడ పైన అతికే, ఫ్రెట్లుండే పలకకు) నిలువుగా కనబడాలి. ట్రస్ రాడ్‌కు (మెడ వంపు సరిచేసే లోపలి ఉక్కు కడ్డీకి) రెండు పక్కలా కార్బన్ ఫైబర్ కడ్డీలు వేయిస్తే మెడ ఇంకా బిగుస్తుంది. స్వరం ఆగే చోటు జరుగుతుంది, చాలాసార్లు తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

రెండోది తేమ. మన తీరపు ఊళ్లలో వానాకాలం షెడ్డులో ఆరిన చెక్కలో 14 శాతం దాకా తేమ ఉండిపోతుంది. ఏసీ గదిలో అది 9కి దిగుతుంది. ఫ్లాట్‌సాన్ (పొరలు పడుకున్నట్టు వచ్చేలా కోసిన) జిట్టేగి (రోజ్‌వుడ్) ఫింగర్‌బోర్డయితే 62 మి.మీ. వెడల్పున్న చోట 0.6 మి.మీ. దాకా కుంచించుకుపోతుంది. ఫ్రెట్ల చివర్లు బయటికొచ్చి అరచేతిని గీరేది అందుకే. క్వార్టర్‌సాన్ అయితే ఆ కుదింపు సగమే. పరీక్ష కష్టమేం కాదు: అదే చెక్క తునకను తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి, మళ్లీ తూచండి. 109 గ్రాములది 100కి వస్తే తేమ 9 శాతం. అంతకు మించితే మెడ చెక్కడం మొదలుపెట్టనివ్వకండి.

బాడీకి టేకు బాగానే ఉంటుంది, కాకపోతే బరువు. ఆల్డర్ ఘనమీటరుకు 450 కిలోలైతే టేకు 650, అంటే భుజం మీద కిలో అదనం. టేకులో నూనె ఉంటుంది కనుక అతికే ముందు అసిటోన్‌తో తుడవకపోతే జిగురు పట్టదు. మరీ తేలిక చెక్కా వద్దు, బాడీ కన్నా మెడ బరువై కిందికి వాలిపోతుంది.

— గిటార్ తయారీదారులు, విశాఖపట్నం