నైసియాలో జరిగింది అది కాదు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మా ఇంట్లో అందరి వాట్సాప్‌లకూ ఒక వీడియో వచ్చింది. 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నైసియాలో క్రైస్తవ మతపెద్దల సభ పెట్టి, ఓట్లు వేయించి యేసును దేవుణ్ణి చేశాడట. బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో కూడా అక్కడే తేల్చారట. ఇదే మాట ఒక పత్రిక ఆదివారం పేజీలోనూ చదివాను. వారం వారం గుడిలో నిలబడి, మేం ఏమేం నమ్ముతామో చెప్పే విశ్వాస ప్రమాణం పలికేదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

నైసియా బితూనియ ప్రాంతంలోది. ఇప్పుడది టర్కీలోని ఇజ్నిక్. ఆ సభకు రెండు వందల ఏళ్ల ముందే, అదే ప్రాంతాన్ని ఏలిన ప్లినీ అనే రోమన్ అధికారి ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా ఎంచి పాటలు పాడుతున్నారని అందులో ఉంది. రాసినవాడు భక్తుడేమీ కాదు, వాళ్లను విచారించి శిక్షించినవాడు. అంతకు ఎంతో ముందు అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణపు క్రైస్తవులకు రాస్తూ "నాకియ్యబడిన ఉపదేశమును మొదట మీకు అప్పగించితిని" అన్నాడు. క్రీస్తు మృతి, సమాధి, పునరుత్థానం అప్పటికే ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటున్న పాఠమన్నమాట.

ఆ పాఠమే బాప్తిస్మం దగ్గర ప్రశ్నలైంది. నీళ్లలో నిలబడ్డ మనిషిని తండ్రిని నమ్ముతున్నావా, కుమారుణ్ణి నమ్ముతున్నావా, పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా అని అడిగేవారు. నమ్ముతున్నానన్న ప్రతిసారీ ముంచేవారు. విశ్వాస ప్రమాణాలకు మూడు భాగాలు ఉండటం అక్కడి నుంచే వచ్చింది.

మరి నైసియాలో గొడవేమిటి? కుమారుడు కూడా సృష్టించబడినవాడే, ఆయన లేని సమయం ఒకటుందని అలెగ్జాండ్రియాలో అరియస్ అనే పాదిరి బోధించాడు. కాదు, తండ్రితో ఒకే తత్వం గలవాడని సభ తన విశ్వాస ప్రమాణంలో రాసింది. ఒప్పుకోని ఇద్దరు లిబియా బిషప్పులనూ అరియస్‌నూ దేశం నుంచి వెళ్లగొట్టారు. చక్రవర్తి ఒత్తిడి ఉంది, దాన్ని దాచను. కానీ ఆయన మాటతోనే తేలిపోతే ఆ వివాదం ఇంకో యాభై ఏళ్లు ఎందుకు నడుస్తుంది? సభ తీర్మానాన్ని పట్టుకు వేలాడిన అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ ఐదుసార్లు ప్రవాసం పోయాడు. మొదటిసారి పంపింది కాన్‌స్టాంటైనే! ఇప్పుడు మనం చెప్పే నైసియా ప్రమాణం 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడిన రూపం. ఇక బైబిలు పుస్తకాల సంగతంటారా, నైసియా సభ చేసిన 20 నియమాల్లో ఒక్కటీ దాని గురించి లేదు. కొత్త నిబంధన 27 పుస్తకాల పట్టిక అతనాసియస్ 367లో రాసిన ఉత్తరంలో కనిపిస్తుంది.

మా తప్పూ ఉంది. మొన్న ఆరాధనలో "పొంతి పిలాతు కాలమందు శ్రమపడి" అంటుండగా మనవరాలు నా కొంగు లాగి, "అమ్మమ్మా, చంపించినవాడి పేరు మనమెందుకు చెప్పాలి?" అని అడిగింది. ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫలానా గవర్నర్ ఏలుబడిలో నిజంగా జరిగిందని తేదీ వేసినట్టు అని తర్వాత చదివి చెప్పాను. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో ఇజ్రాయెల్‌లోని కైసరయలో దొరికిందంటే పిల్ల కళ్లు ఇంతింతయ్యాయి.

పాస్టర్లు, ఫాదర్లు ఆదివారానికి ఒక్క వాక్యం చొప్పునైనా ఈ ప్రమాణాన్ని విప్పి చెప్పాలి. పత్రికలవారు క్రిస్మస్, ఈస్టర్ పేజీలకు ఈ చరిత్ర రాయించినప్పుడు, అచ్చుకు ముందు సంఘ చరిత్ర చదివినవాళ్లకు ఒకసారి చూపించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, గుంటూరు