ఇరవై ఏళ్లు పొదుపు సంఘం లెక్కలు రాసినామెకు డిగ్రీలో చోటు లేదా?

తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రిటైరైన డిగ్రీ లెక్చరర్‌ని. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆదివారాలు ఓపెన్ డిగ్రీ వాళ్లకు కూడా క్లాసులు చెప్పేవాణ్ని. మాది కామారెడ్డి వైపు ఊరు. ఇంటింటా బీడీల చాట ఉంటుంది, ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు.

మొన్న మా వాడకట్టు ఆమె ఒకరు ఇంటికొచ్చారు. నలభై దాటాయి. ఏడో తరగతితో బడి మానేసి బీడీలకు కూర్చుంది. ఇప్పుడు కూతురు డిగ్రీ చదువుతోంది, తనకూ చదవాలనుంది. ఇంటర్ మెమో ఉందా అన్నాను. లేదంది. పోనీ పదిది? అదీ లేదు. "ఇరవై ఏండ్ల సంది సంఘం లెక్కలు నేనే రాస్తున్న సార్. బ్యాంకోళ్లు నేను రాసిన పుస్తకం జూసే లోన్ ఇస్తరు. డిగ్రీకి మాత్రం పనికిరానా?" అంది. నా దగ్గర జవాబు లేదు. టీ తాగించి పంపాను.

జవాబు లేకపోవడం కొత్త. ఒకప్పుడు ఉండేది. 1982లో హైదరాబాద్‌లో పుట్టిన మన ఓపెన్ యూనివర్సిటీ దేశంలోనే మొదటిది. దాని మొదటి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారే తర్వాత ఢిల్లీలో జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోను నిలబెట్టారు. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. బడి ముఖం చూడనివాళ్లు కూడా ఒక అర్హత పరీక్ష పాసైతే అక్కడ నేరుగా డిగ్రీలో చేరే వీలుండేది. ఆ దారిన వచ్చినవాళ్లకు నేను పాఠాలు చెప్పాను. నైట్ డ్యూటీ దిగి నేరుగా క్లాసుకొచ్చి, ముందు బెంచీలో కూర్చుని, నిద్ర ఆపుకోలేక లేచి నిలబడి నోట్సు రాసుకున్న కండక్టర్ ఒకాయన ఇప్పటికీ గుర్తే. రెగ్యులర్ పిల్లల్లో అలాంటివాణ్ని నేను చూడలేదు, నిజం చెప్పాలంటే.

ఇప్పుడు ప్రవేశాల నోటిఫికేషన్‌లో ఇంటర్ లేదా దానికి సమానమైనది అనే ఉంటుంది, అర్హత పరీక్ష మాట లేదు. బడికి పోకుండా పది, ఇంటర్ రాసుకునే ఓపెన్ స్కూల్ ఉంది కదా అంటారు మీ అధికారులు. ఉంది, మంచిదే. కానీ ఈమె ఓపెన్ పది, ఓపెన్ ఇంటర్, ఆపైన డిగ్రీ చేయాలంటే ఆరేళ్ల దాకా పడుతుంది. పద్నాలుగేళ్ల పిల్లకు ఆరేళ్లంటే లెక్క కాదు. నలభై రెండేళ్ల మనిషికి ఆ ఆరేళ్లలో కూతురి పెళ్లి, అత్త మంచాన పడటం, మోకాళ్ల నొప్పులు అన్నీ వస్తాయి.

మెమోలు లేని డిగ్రీతో వచ్చిన చిక్కు నాకు తెలియక కాదు. అర్హత పరీక్షతో చేరి డిగ్రీ పూర్తి చేసిన నా విద్యార్థులు కొందరు ప్రమోషన్ దగ్గర ఆగిపోయారు. "డిగ్రీ సరే, పది ఏది, ఇంటర్ ఏది?" అని పై అధికారులు అడిగారు. దొడ్డిదారి చదువు అని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. అందుకని తలుపే మూసేస్తారా? పరీక్షను గట్టిగా పెట్టండి. తెలుగు, లెక్కలు, లోకజ్ఞానం, అన్నీ పెట్టండి. పాసైనవాళ్ల డిగ్రీ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో, పదోన్నతుల్లో చెల్లుతుందని జీవో ఇవ్వండి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీతో మాట్లాడాల్సి ఉంటే అది మీరే చేయాలి, ఆమె వల్ల కాదు.

కేంద్రం 2023లో తెచ్చిన జాతీయ క్రెడిట్ విధానం పని అనుభవాన్ని కూడా క్రెడిట్లుగా, అంటే చదువు కింద జమయ్యే పాయింట్లుగా, లెక్కించవచ్చంటోంది. ఇరవై ఏళ్లు పొదుపు, వడ్డీ, కిస్తీ పుస్తకాలు తప్పు లేకుండా రాసిన మనిషికి బీకాంలో కొన్ని క్రెడిట్లు రావా? కాగితం మీద ఉన్నదాన్ని మన యూనివర్సిటీలో మొదలుపెట్టమనే అడుగుతున్నాను.

ఇంకో సంగతి. ఉన్నత విద్యలో చేరికల శాతాన్ని 18 నుంచి 23 ఏళ్ల జనాభాతో పోల్చి లెక్కిస్తారు. కాబట్టి ఈమె డిగ్రీలో లేకపోవడం ఏ పట్టికలోనూ లోటుగా కనిపించదు. 2011 జనగణనలో తెలంగాణ ఆడవాళ్ల అక్షరాస్యత 58 శాతం. అంతకు ముందే బడి మానేసిన ఆడపిల్లలే ఇవాళ్టి సంఘం లీడర్లు, ఆయాలు, బీడీ కార్మికులు.

చేర్చుకుంటే సరిపోదని కూడా తెలుసు. పెళ్లికి ముందు ఇంటిపేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉంటే ఒక్క అఫిడవిట్‌తో తేలిపోవాలి. పరీక్షలు వీలైనంతవరకు ఆదివారాలే ఉండాలి, కూలి పోగొట్టుకుని రాయడం కష్టం. బస్సు చార్జీ ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి ఎలాగూ లేదు, కాబట్టి క్లాసుకు రావడం ఇదివరకంత బరువు కాదు. పుస్తకాల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఇప్పటికీ ఓపెన్ యూనివర్సిటీ తెలుగు పుస్తకాలు వెతుక్కుని మరీ చదువుతారు.

వచ్చే నోటిఫికేషన్‌లో ఇంటర్ అన్న మాట పక్కన "లేదా అర్హత పరీక్ష" అని మూడు మాటలు చేరిస్తే చాలు. ఆమె ఫోన్ నంబరు గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకున్నాను. పేపర్లో చూసిన రోజే ఫోన్ చేస్తాను.

ఇట్లు,
రిటైరైన ఒక లెక్చరర్