తప్పు పాప్‌కార్న్‌ది కాదు

సంపాదకునికి,

పాప్‌కార్న్ ఒంటికి మంచిది కాదంటూ దాన్ని చిప్స్‌తో ఒకే గాటన కట్టేయడం సరికాదు. పొట్టుతో సహా తినే ధాన్యం అది. నూనె లేకుండా పేల్చినవి మూడు కప్పులు తింటే సుమారు 90 కిలోక్యాలరీలు, మూడున్నర గ్రాముల పీచు అందుతాయి. సినిమా హాలు బకెట్ సంగతి వేరు. అక్కడ మనం తినేది సగం నూనె, ఉప్పే!

ఇంట్లో అయితే మందపాటి గిన్నెలో రెండు చెంచాల నూనె పోసి, మూడు గింజలు వేసి చూడండి. అవి పేలాక చిటికెడు పసుపు, 50 గ్రాముల గింజలు వేసి మధ్యస్థ మంట మీద కుదుపుతూ ఉండాలి. మూత కాస్త ఓరగా పెట్టాలి, ఆవిరి లోపలే ఉండిపోతే పేలాలు సాగుతాయి. చప్పుడుకూ చప్పుడుకూ మధ్య రెండు మూడు సెకన్లు పడుతుంటే దించేయండి. ఉప్పు మిక్సీలో మెత్తగా పట్టి చల్లితే కొంచెమే సరిపోతుంది. రాళ్ల ఉప్పు అంటుకోక అడుక్కి జారిపోతుంది.

అడుగున గింజలు ఎక్కువ మిగిలితే మంటను తిట్టకండి. గింజలో దాదాపు 14 శాతం తేమ ఉండాలి. 180 డిగ్రీల దగ్గర ఆ తేమే ఆవిరై పెంకును చీలుస్తుంది. మూత లేని డబ్బాలో గింజలు ఎండిపోతాయి. మూడు కప్పుల గింజలకు ఒక పెద్ద చెంచా నీళ్లు కలిపి, సీసా మూత బిగించి, అప్పుడప్పుడు కుదుపుతూ రెండు మూడు రోజులు ఉంచితే చాలావరకు కోలుకుంటాయి. దాణా మొక్కజొన్నకు మాత్రం ఈ కిటుకు పనిచేయదు, దాని పెంకు అంత ఒత్తిడిని ఆపలేదు.

నాలుగేళ్లలోపు పిల్లలకు పెట్టవద్దు. గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది.

— ఒక పాఠకురాలు, గుంటూరు